రెండు వేళ్లు దిగిన బీట

ఆ ఆదివారం పొద్దున మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగుతూ హాలు గోడ మీది బీటను చూసుకోవడం. బరువు మీద పడితే ఘనపదార్థం లోపల ఒత్తిడి ఎలా పుడుతుందో కాలేజీలో ఇరవై ఏళ్లుగా చెబుతున్న మనిషాయన. ఇంట్లో బీట కనబడితే చాలు, దాని చివర పెన్సిలుతో గీత పెట్టి, దాటిందా లేదా అని రోజూ చూస్తారు. ఈ అలవాటు పుణ్యమా అని ఇప్పటికి ఐదిళ్లు మారారు. ఇంకో ఇల్లు మారే ఓపిక తనకు లేదని భార్య ఖరాఖండిగా చెప్పేసింది.

ఆ రోజు బీట గీతను దాటి రెండు వేళ్లు కిందికి దిగి ఉంది.

"ఒక్కరోజులో రెండు వేళ్లా! పైవాళ్లు కొత్తగా ఏదో బరువు పెట్టారే!"

"పెడితే పైన పెట్టుకుంటారు. మన గోడకేం?" అంది భార్య.

"పైన పెట్టింది పైనే ఆగదు! గోడలో ప్రతి ముక్కా పక్క ముక్కను నొక్కుతుంది. అలా పునాది దాకా పోతుంది. ఎక్కడ తట్టుకోలేకపోతే అక్కడ పగులుతుంది."

వంటింటి గుమ్మంలో అత్తగారి మొహం పాలిపోయింది. నిన్న బూజు దులుపుతూ ఆ గీతను తుడిచేసింది ఆవిడే. అల్లుడేమంటాడోనన్న భయంతో ఉజ్జాయింపుగా, రెండు వేళ్లు పైన, మళ్లీ గీసింది. గోడ లోపలి ఒత్తిడి ఇట్టే చెప్పేసే అల్లుడికి ఆవిడ లోపలి భయం కనబడలేదు.

"బాబూ, అదీ..."

"ముందు మీరు బయట నిలబడండి అత్తయ్యగారూ!" అంటూ మాస్టారు మేడమెట్లు ఎక్కేశారు.

పైన ఉండేది కసరత్తులు నేర్పే పహిల్వాన్. తన ఇనుప బిళ్లలకు ఇల్లు కూలిపోతోందని వినగానే బిక్కచచ్చిపోయాడు. నలుగురు శిష్యులతో కలిసి వాటిని కిందికి మోయడం మొదలుపెట్టాడు. అది చూసిన ఎదురింటాయన, మేడ మీదివాళ్లు చెప్పాపెట్టకుండా ఖాళీ చేస్తున్నారని ఇంటి ఓనరుకు ఫోన్ కొట్టాడు.

"ఎక్కడ పెట్టమంటారు సార్?" అన్నాడు పహిల్వాన్.

"మా హాల్లో ఆ మూల పెట్టు. కింద నేలేగా, ఎంతైనా మోస్తుంది."

నాలుగొందల కిలోల ఇనుము ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆఖరి బిళ్ల పెట్టగానే ఫట్‌మంది. మూల నుంచి వంటింటి దాకా నేల పలకలు వరసగా చీలిపోయాయి.

ఓనరు లోపలికొచ్చింది సరిగ్గా అప్పుడే. అత్తగారు ఇక ఆగలేక, "ఆ గీత నేనే గీశాను బాబూ!" అని భోరుమంది. సంగతంతా విన్న ఓనరు, బీటను గోటితో గీకాడు. సున్నం పొర రాలింది, దాంతోపాటు బీటా రాలింది. లోపల గోడ నిక్షేపంలా ఉంది.

"పహిల్వాన్ ఉండొచ్చు. అమ్మగారూ, పెద్దావిడా ఉండొచ్చు," అన్నాడు ఓనరు, నేలను చూస్తూ. "మీరొక్కరూ ఖాళీ చేయండి సార్."

మాస్టారు ఆశగా భార్య వైపు చూశారు. ఆవిడ ఆలోచించి చెబుతానంది.