అడుగుతూ ఉండే ఉచితం

మా వారు వాచీలు బాగుచేసేవారు. దుకాణం మూసేశాక కంప్యూటరు మీద పడ్డారు. వాచీలు బతికిపోయాయి.

మా ఆడపడుచు ఆదివారం ఊరు మారిపోతోంది. ఎవరు పెట్టె సర్దినా నాకు దిగులే. పోయిన మా అత్తగారి గొంతు ఒక్క టేపులోనే మిగిలింది, చిన్నప్పుడు ఆడపడుచు హాస్టలుకు వెళ్తుంటే పట్టినది. అందులో గరగర తీసి ఇమ్మని అన్నను అడిగింది. అంతే అడిగింది.

మా వారు గరగర తీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి, ఫ్రీవేర్ అంటారట, దింపుకున్నారు. పని మొదలుపెట్టగానే తెర మీద ఒక పెట్టె లేచింది. "ఇంకా కొనలేదు. కొంటారా?" అది పోయేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి. కాసేపటికి మళ్లీ లేచింది.

"ఇది ఉచితమెలా అవుతుందండీ?"

"అడిగింది గాని పుచ్చుకుందా? అడగడం వేరు, పుచ్చుకోవడం వేరు. ఓపిక ఉండాలి."

సరే, ఆ ఓపికేదో చూద్దామనుకున్నాను. మర్నాడు ఆయన టీ అందుకోబోతుంటే కప్పు వెనక్కి తీసుకున్నాను. "ఈ టీ ఉచితం. వంటింటి కుళాయి ఇంకా కారుతోంది. బాగుచేస్తారా?" కాసేపు నిలబెట్టి ఇచ్చాను. తువ్వాలుకూ అంతే, కళ్లజోడుకూ అంతే. భోజనం దగ్గర గరిటె గాల్లో ఆగేసరికి ఆడపడుచు నవ్వింది.

"అన్నయ్యా, వదిన పెట్టేది ఉచితమేనా?"

"ఉచితమే," అన్నారు పళ్లు బిగించి. మాట తప్పని మనిషి, పాపం, ఆకలితో సహా.

సాయంత్రం టేపు వినిపించారు. "అమ్మాయీ, జాగ్రత్త..." అనగానే కుయ్యిమని ఒక కూత. కొననివాళ్ల పనిమీద ఆ ఫ్రీవేర్ వేసే ముద్రట. తర్వాతి మాటలు దాని కింద పోయాయి.

ఆడపడుచు నవ్వు ఆగిపోయింది. "పోనీలే అన్నయ్యా. ఇంతైనా విన్నాను."

మా వారు గదిలోకి వెళ్లి, తలుపేసుకుని, కొనేశారు.

ఈసారి గొంతు తేటగా వచ్చింది. "అమ్మాయీ, జాగ్రత్త. గొడుగు పెట్టుకున్నావా? చేరగానే కబురు చెయ్యి. గొడుగు పెట్టుకున్నావా?"

మా వారు కుర్చీలోంచి లేచారు. "విన్నారా? అమ్మ కూడా గుర్తుచేస్తూనే ఉంది. అమ్మ ఉచితం కాదా?" గెలిచే మాట ఆయనకు కొన్నాక దొరికింది.

"అమ్మ నాకోసం గుర్తుచేసింది అన్నయ్యా. నీ పెట్టె దానికోసం అడిగింది."

ఆయన కూర్చుండిపోయారు.

ఆదివారం బస్సు కదిలింది. నేను చెయ్యి ఊపాను. మా వారు కిటికీ పక్కనే నడుస్తూ, "టికెట్ ఉందా, నీళ్లున్నాయా, చేరగానే ఫోన్ చెయ్యి, టికెట్ ఉందా," అంటూనే ఉన్నారు. బస్సు మలుపు తిరిగింది.

"ఇంక పదండి," అన్నాను.

ఆయన కదల్లేదు. "ఇంకోసారి చెప్పాల్సింది," అన్నారు.