మంత్రిగారు పీకిన కలుపు

నగరంలో కలుపు మొక్కలకు కాలం చెల్లిందనీ, మొట్టమొదటి మొక్కను స్వహస్తాలతో పీకి ఈ మహోద్యమాన్ని ప్రారంభిస్తాననీ తోటల మంత్రిగారు ప్రకటించారు. దీనిపై కలుపు మొక్కల అభిప్రాయం తెలియరాలేదు.

ఆ మొట్టమొదటి మొక్కను కనే భాగ్యం తోట ప్లాట్లలో మూలనున్న దానికి దక్కింది. తోట ప్లాట్లంటే, సొంత పెరడు లేనివాళ్ళు కూరగాయలు పండించుకోమని పురపాలక సంఘం ఇచ్చే చిన్న చిన్న మళ్ళు. సీజన్ చివర తనిఖీలో పంట కనబడకపోతే ప్లాటు వెనక్కి లాగేసుకుంటారు. మూల ప్లాటునే ఎంచుకోవడానికి కారణం, మంత్రిగారి కారు అక్కడిదాకా వెళ్ళడమే.

ఆ ప్లాటు రిటైరైన బస్సు కండక్టరమ్మది. ఉద్యోగమంతా కదిలే బస్సులో నిలబడి గడిపిన మనిషి కాబట్టి, కదలని నేల జానెడైనా తనకంటూ ఉండాలని ఆవిడ ఆశ. ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగితే ప్లాటు వచ్చింది. తీరా చూస్తే అందులో నడుమెత్తు పొదలు, పగిలిన వాష్‌బేసిన్, స్ప్రింగులు బయటపడ్డ పరుపు, ఎవరిదో సగం సైకిలు.

"దీన్ని బాగుచేసేలోపు మనిద్దరం మట్టిలో కలుస్తామే" అన్నాడు ఆవిడ భర్త. అని, చొక్కా చేతులు మడిచి, పరుపు ఒక కొస తనే ముందు పట్టుకున్నాడు.

ఇద్దరూ నడుములు పడిపోయేలా పనిచేసి చెత్తంతా పంపించేశారు. పొదలు వేళ్ళతో సహా తవ్వారు. నేల గుల్ల చేసి, ఒక పక్కగా ఒక వరస చిక్కుడు పెట్టారు. మొలకలు కనబడ్డ రోజు కండక్టరమ్మ చిన్నపిల్లలా సంబరపడింది.

సరిగ్గా అప్పుడే తోటల అధికారిగారు వేంచేశారు. ప్లాటు చూసి గుండె పట్టుకున్నారు.

"అమ్మా, ఎంత పని చేశారండీ!"

"ఏం చేశాను సార్? శుభ్రం చేసుకున్నాను."

"అదే! మరి మంత్రిగారు వచ్చి ఏం చెయ్యాలి?"

"పక్క ప్లాటుకి తీసుకెళ్ళండి. అందులో కావలసినంత కలుపు, పైగా పాములు కూడానూ."

"అక్కడికి కారు వెళ్ళదమ్మా" అన్నారు అధికారిగారు, పాపం, ఎంతో బాధగా.

అధికారిగారు చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. లారీలో చెత్త తెప్పించారు. భద్రతా సిబ్బంది వచ్చి, గాజు ఉండకూడదన్నారు, తుప్పు ఉండకూడదన్నారు, వాసన అసలే ఉండకూడదన్నారు. చెత్తనంతా సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టారు. పాత పరుపు పనికిరాదన్నందుకు కొత్తది కొని, ఒక మనిషిని కూర్చోబెట్టి స్ప్రింగులు బయటికి లాగించారు. ఏటి ఒడ్డు నుంచి కలుపు మొక్కలు తెచ్చి నాటించారు. అవి వాడిపోతే శాఖకు తలవంపులని ట్యాంకరుతో నీళ్ళు పోయించి, ఎరువు వేయించి, కాపలాకి వాచ్‌మన్‌ను పెట్టారు.

"మరి నా చిక్కుడు సార్?" అంది కండక్టరమ్మ బెంగగా. "తనిఖీకి అదొక్కటే నాకు దిక్కు."

"మీ చిక్కుడుకి నాది పూచీ. దాని జోలికి ఎవరొస్తారమ్మా?"

మంత్రిగారి రాక ఒకసారి వాయిదా పడింది. మరోసారి పడింది. ఈలోగా కలుపు పూలు పూసింది. చిక్కుడు కూడా కండక్టరమ్మ పాతిన కర్రలు పట్టుకుని పాకి, పిందె వేసింది.

"మన బతుక్కి ఇంత రాజభోగం ఎప్పుడైనా చూశామా? కలుపుకి వాచ్‌మన్, పంటకి మనం" అన్నాడు భర్త.

ఎట్టకేలకు మంత్రిగారు విచ్చేశారు. తెల్లటి గ్లవ్సు తొడుక్కుని, కెమెరాల వైపు ఒకసారి నవ్వి, వంగి కలుపు మొక్క పట్టుకుని లాగారు. అది రాలేదు. ప్రభుత్వ ఎరువు తిన్న మొక్క, అంత తేలిగ్గా ఎలా వస్తుంది? రెండు చేతులతో లాగారు. ఈసారి మంత్రిగారి నడుము మాత్రం కటుక్కుమంది.

మంత్రిగారి చూపు అటూ ఇటూ తిరిగి, గుల్లగా ఉన్న నేల మీద ఆగింది. గబగబా వెళ్ళి చిక్కుడు తీగ పట్టుకున్నారు. కర్రతో సహా ఊడివచ్చింది. చప్పట్లు మారుమోగాయి.

"అయ్యో! అది చిక్కుడు సార్!" అని అరిచింది కండక్టరమ్మ. కిక్కిరిసిన బస్సులో వెనక సీటుదాకా వినబడే గొంతు ఆవిడది. అయితే అధికారిగారు అంతకంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

"చూశారా, కలుపు ఎంత తెలివి మీరిందో! కర్రలు పాతుకుని మరీ పాకుతోంది!" అన్నారు మంత్రిగారు. ఉత్సాహం ఆగక వరసంతా పీకేసి, దుమ్ము దులుపుకుని కారెక్కారు.

మర్నాడే తనిఖీ. వచ్చినది అదే అధికారిగారు. కండక్టరమ్మకి దుఃఖం ఆగలేదు.

"మీ కళ్ళముందే పోయింది కదా సార్ నా పంట. ప్లాటు మాత్రం తీసుకోకండి."

"ఎవరు తీసుకుంటున్నారమ్మా? పంట ఇంత ఏపుగా ఉంటే!" అంటూ ఆయన పూసిన కలుపు వైపు చెయ్యి చూపారు.

"అది కలుపు సార్!"

"కలుపంతా నిన్న మంత్రిగారు పీకేశారు కదా. పేపర్లో కూడా వచ్చింది. ఆయన పీకగా మిగిలింది పంట కాక మరేమిటి? ఉత్తమ ప్లాటుగా మీదే ఎంపికైంది."

"మరి దీన్ని వండుకు తినొచ్చా?" అన్నాడు భర్త.

"అది మా శాఖ కాదండీ."

కండక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. "అయితే ప్లాటు నాదేనా సార్?"

"ముమ్మాటికీ మీదే."

"ఇకనైనా కలుపు తీసుకోవచ్చా?"

"తప్పకుండా తియ్యాలి. అది మీ బాధ్యత" అన్నారు అధికారిగారు. "చిక్కుడు మళ్ళీ ఎక్కడైనా తలెత్తితే వెంటనే పీకెయ్యండి."