పొయ్యి ఎదుటి అద్దం

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసులు సింకులో పడకముందే అత్తగారు ఆ రోజు కార్యక్రమం ఖరారు చేసేసింది. పదింటికి మిషన్ల సారు వస్తాడు. కోడలి చెవికి వినికిడి మిషను తగిలిస్తాడు. మొట్టమొదటి పిలుపు అత్తగారిది. అది చెవిన పడగానే కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, ఆడపడుచు ఫోన్లో వీడియో తీస్తుంది, ఆ తర్వాత భోజనాలు. ఈ ఏర్పాటంతా ఇంట్లో అందరికీ తెలుసు, ఏడవాల్సిన కోడలికి తప్ప.

కోడలికి పుట్టుకతోనే వినపడదు. బస్టాపు వెనక ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పనిచేస్తుంది. అద్దం కోయడంలో చెయ్యి తిరిగిన మనిషి. సైగల భాషలో మాట్లాడటం మొదలుపెడితే ఎదుటివాళ్ళకు సందివ్వదు. కాకపోతే ఆ ఇంట్లో ఎదుటివాళ్ళకు ఆ భాష రాదు. పెళ్ళయి ఆరేళ్ళయినా మొగుడు నేర్చుకున్న సైగలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో సగం తిండికి సంబంధించినవే. మిగతా కాపురం మెసేజీల మీద నడుస్తోంది. అత్తమామలూ, ఆడపడుచూ ఆ కాస్తా నేర్చుకోలేదు. గొంతు పెంచితే సరిపోతుందని వాళ్ళ నమ్మకం. భోజనాల దగ్గర అందరూ పగలబడి నవ్వుతుంటే, ఏమిటని కోడలు కళ్ళతో అడిగేది. "ఏం లేదులే, తర్వాత చెబుతాం" అని చెయ్యి ఊపేసేవారు. ఆ తర్వాత అనేది ఆరేళ్ళుగా రాలేదు.

వంటింట్లో పొయ్యి ఎదుట గోడకు ఆమె ఒక అద్దం ముక్క బిగించుకుంది. అడుగుల చప్పుడు వినపడని మనిషికి వెనక ఎవరున్నారో తెలియాలంటే అదే దారి. అత్తగారి లెక్క వేరు. "గరిట తిప్పుతూ కూడా సోకులేనా!" అని వచ్చేపోయే వాళ్ళందరికీ ఆ అద్దం చూపించేది.

ఆ ఇంట్లో కోడలి భాష వచ్చిన మనిషి ఒక్కతే, నాలుగేళ్ళ కూతురు. ఆ పిల్లకూ వినపడదు. అమ్మ చేతులు చూసి మాటలు నేర్చుకుని పెద్ద వాగుడుకాయలా తయారైంది. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఆ వాగుడు చూసే మిషన్ల సారు తల పట్టుకున్నాడు.

"చేతులతో మాట్లాడే అలవాటుంటే నాలుక్కి బద్ధకం వస్తుందండీ. ముందు తల్లికి పెట్టి చూద్దాం. పనిచేసిందా, పిల్లకీ పెట్టేసి మా తరగతిలో వేసేద్దాం. అక్కడ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. ఆర్నెల్లలో చిలకలా మాట్లాడకపోతే నన్నడగండి."

ఆ రోజునుంచీ హాల్లో పిల్ల చెయ్యి లేస్తే చాలు, నానమ్మ దాన్ని పట్టి కిందికి దించేది. తల్లీకూతుళ్ళ కబుర్లు వంటింట్లోకి తరలిపోయాయి. "మిషను పెట్టుకుంటాను. పాప చేతులు మాత్రం ఆపొద్దు" అని కోడలు మొగుడికి మెసేజి పెట్టింది. అతను దాన్ని తల్లికి చూపించాడు. "ముందు మిషను రానియ్యరా" అంది తల్లి. అతను గోడమీది పిల్లి వాటంగా ఇద్దరికీ తల ఊపాడు. పిల్ల చేతులు ఆగిపోతే అది తనతో ఎలా మాట్లాడుతుందన్న దిగులు కోడలి గుండెల్లో రాయిలా పడి ఉంది.

ఆదివారం సారు పదింటికే వచ్చాడు. మిషను తగిలించి, "ఆవిణ్ణి మామూలుగా పని చేసుకోనివ్వండి. వెనకనుంచి పిలవండి, చూద్దాం" అన్నాడు. కోడలు పొయ్యి దగ్గరికెళ్ళి ఉల్లిపాయలు తరగసాగింది. ఇంటిల్లిపాదీ వంటింటి గుమ్మంలో ఇరుక్కుని నిలబడ్డారు. అత్తగారు గొంతు సవరించుకుని, "అమ్మాయ్!" అంది. ఆ కేకకు పక్కింటి కిటికీ తెరుచుకుంది.

కోడలు గిర్రున తిరిగింది. ఎదుటి అద్దంలో అంతమంది ఒకేసారి నోళ్ళు తెరిస్తే ఎవరైనా తిరుగుతారు. ఉల్లిపాయల పుణ్యమా అని కళ్ళనీళ్ళు కూడా సిద్ధంగా ఉన్నాయి. ఆడపడుచు వీడియో తీసింది. మామగారు చప్పట్లు కొట్టాడు. "నూటికి నూరుపాళ్ళు సక్సెస్! రెండు వారాల్లో పిల్ల సంగతి చూద్దాం" అని సారు సంచీ సర్దుకున్నాడు.

మధ్యాహ్నం దాకా అందరూ సంతోషంగానే ఉన్నారు. భోంచేసి నడుం వాల్చాక ఆడపడుచుకు అనుమానం వచ్చింది.

"అమ్మా, ఇన్నాళ్ళూ మనం అన్నవన్నీ వదినకి వినపడతాయా?"

"పాతవెలా వినపడతాయే?"

"ఏమో! మిషను కదా."

అత్తగారు లేచి కూర్చుంది. కోడలి వెనకే నిలబడి ఆమె నడక మీదా, వంట మీదా, పుట్టింటి మీదా ఆరేళ్ళు చేసిన వ్యాఖ్యానాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పాతవాటి మాటేమో గానీ, కొత్తవి అనడానికి ఇక వీల్లేదు. అసలు ఆ మిషను ఎంత దూరం పట్టుకుంటుందో తేల్చడానికి మామగారిని పురమాయించారు. ఆయన స్నానాల గదిలోకెళ్ళి తలుపేసుకుని, కుళాయి తిప్పి, "మా కోడలు ఉత్త మొద్దు" అని గొణిగాడు. ఆ క్షణంలోనే లోపల దీపం ఆరిపోయింది. అటుగా వెళ్తున్న కోడలు, లోపల ఎవరూ లేరనుకుని స్విచ్చి ఆపింది, అంతే. మామగారు చీకట్లో తడుముకుంటూ బయటికొచ్చి, "గోడలు దాటి వినిపిస్తోందే! పైగా కోపం కూడా వచ్చింది" అన్నాడు.

దాంతో ఇల్లంతా నోరు కుట్టేసుకుంది. మెసేజీలు పెట్టుకుందామంటే అత్తగారికి అక్షరాలు ఆనవు, పైగా ఫోను ప్రతిసారీ టింగుమంటుంది. ఎవరి నోరూ కదలకపోవడం చూసి కోడలు కంగారుపడి, "ఎవరు పోయారు?" అని మొగుడికి మెసేజి పెట్టింది. అతను, "భోంచేశావా?" అని సైగ చేశాడు. అతనికి బాగా వచ్చిన సైగ అదే.

ఇది చాలదన్నట్టు ఇంట్లోకి కీచురాయి ఒకటి దూరింది. వంటవేళకే కూసేది. మామగారు చీపురు పట్టుకుని వంటింట్లో అలమారలు జరిపాడు, సింకు కింద పాకాడు. కింది అరల్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూశాడు, కూత ఆగలేదు. ఆయన ఎందుకలా దేవులాడుతున్నాడో కోడలికి అర్థం కాలేదు. అడిగితే, "ఏం లేదులే" అని చెయ్యి ఊపాడు.

మూడోనాటికి మాటలు లోపలే ఉండిపోయి అత్తగారికి కడుపుబ్బరం పట్టుకుంది. అప్పుడు ఆడపడుచు బుర్ర వెలిగింది.

"వదిన వెనక మాట్లాడితే వినపడుతుంది. వెనక చేతులూపితే వినపడదుగా!"

ఆరేళ్ళలో ఎవరికీ తీరిక దొరకని చదువు ఆ సాయంత్రమే మేడ మీద మొదలైంది. గురువు నాలుగేళ్ళ మనవరాలు, జీతం బిస్కట్లు. ఏ చేతుల్ని హాల్లో పట్టి దించేదో ఆ చేతుల్నే నానమ్మ ఇప్పుడు కళ్ళార్పకుండా చూసింది. పిల్ల చండశాసనురాలు. ఈ భాషలో ముఖం కూడా కదలాలట. ఆడపడుచు బొమ్మలా నిలబడి చేతులూపితే బుగ్గ గిల్లింది. కనుబొమలు ముడిచి, మూతి విరవడంలో నానమ్మకు నలభై ఏళ్ళ సాధన ఉంది కనక పిల్ల ఆమెను మెచ్చుకుని ఒక బిస్కటు తిరిగి ఇచ్చింది.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. సైగల్లో అందరికీ పేర్లున్నాయి. మామగారంటే విప్పిన పేపరు. ఆడపడుచంటే జడ విసురు. నడుం మీద చెయ్యి వేసి గడ్డం ముందుకు చాపితే నానమ్మ. "ఎవరు పెట్టారే ఆ పేరు?" అని అత్తగారు నడుం మీద చెయ్యి వేసి గడ్డం ముందుకు చాపి అడిగింది.

ఒకరోజు ఆమె పిల్లని అడిగింది, పడుకునే ముందు దీపం ఆర్పితే ఎందుకలా ఏడుస్తావని. అది మొండితనమనే ఇంట్లో అందరూ అనుకునేవారు. పిల్ల కళ్ళు మూసుకుంది. చేతులు రెండూ వెనక్కి దాచేసింది. కళ్ళు తెరిచి, "అమ్మ మాట ఉండదు" అంది. అత్తగారు ఆ సాయంత్రమే చిన్న దీపం ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టించింది. ఆ రోజునుంచి పిల్ల ఏడవలేదు. అంతమాత్రాన ఆవిడ మారిపోయిందనుకుంటే పొరపాటే. నేర్చుకున్న విద్యను కోడలి వెనక నిలబడి రోజూ ధారాళంగా ఖర్చుపెడుతూనే ఉంది.

అన్న ప్రకారం మిషన్ల సారు రెండు వారాలకు ఇంకో మిషనుతో వచ్చి హాల్లో కూర్చున్నాడు. కోడలు పొయ్యి దగ్గర ఉంది. గుమ్మంలో ఆడపడుచు జోరుగా చేతులూపింది: "పాప తరగతి సంగతి వదినకి చెప్పావా?"

"లేదు," అంది అత్తగారి చెయ్యి. "తరగతిలో వేశాక చెబుదాం. మొండి మనిషి. నడక బాతు నడక, బుద్ధి కొయ్య బుద్ధి."

అద్దం ముందు గరిట ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే, "దొరికింది!" అని మామగారు అరిచాడు. పై అరలో కోడలు వంటకు ముందు ఉంగరం తీసి పెట్టుకునే స్టీలు డబ్బా ఆయన చేతిలో ఉంది. లోపల ఉంగరం, దాని పక్కనే మిషను. మూత వేశాడు, మిషను కీచురాయిలా కీచుమంది. తీశాడు, ఆగింది.

"మిషను ఇందులో ఉంటే, మరి కోడలికెలా వినపడుతోంది?" అన్నాడాయన.

కోడలు మెల్లగా వెనక్కి తిరిగింది. వేలితో అద్దం చూపించింది. అందులో అత్తగారి చెయ్యి ఇంకా బాతు నడక దగ్గరే ఆగి ఉంది.

ఆ తర్వాత ఆమె చేతులతో మాట్లాడింది. అందరికీ అర్థమయ్యేలా, పలక మీద దిద్దించినట్టు నిదానంగా మాట్లాడింది. ఆరేళ్ళలో ఆమె ఇంటిల్లిపాదినీ ఒకేసారి దులపడం అదే మొదలు, వాళ్ళకు ఒక్క ముక్క కూడా జారిపోకుండా అర్థం కావడమూ అదే మొదలు.

"ఆరేళ్ళు మీ నోళ్ళు ఏమన్నాయో నాకు తెలీదు. ఈ రెండు వారాలూ మీ చేతులు అన్నవన్నీ చూశాను. మిషను రోడ్డు మీద బానే ఉంది, హారను తెలుస్తోంది. వంటింట్లో పెట్టుకుంటే గిన్నెలన్నీ నెత్తిన పడ్డట్టుంది, అందుకే తీసేస్తున్నా. పాపకి పెట్టండి, వద్దనను. దాని చేతులు ఆపితే మాత్రం ఊరుకోను. దీపం ఆర్పేసినట్టే అది!"

దీపం మాట దగ్గర అత్తగారి నడుం మీది చెయ్యి జారిపోయింది.

మిషన్ల సారు అయోమయంగా అందరి ముఖాలూ చూశాడు. "ఏమంటోందండీ ఆవిడ?"

"ఏం లేదులెండి, తర్వాత చెబుతాం" అని అత్తగారు చెయ్యి ఊపేసింది. ఆమె వెనక్కి చూస్తే, మనవరాలు సోఫాలో బుద్ధిగా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉంది. సారే కూర్చోబెట్టాడు. అత్తగారు గబగబా వెళ్ళి ఆ చేతులు రెండూ పైకి లాగింది.

"మిషను చెవికి పెట్టండి సారూ. చేతుల జోలికి రాకండి. తరగతీ వద్దు, గిరగతీ వద్దు."

"మరి మాటలు?"

"మాటలకేం తక్కువండీ? నిన్నంతా మీ గురించే చెప్పింది" అంది అత్తగారు. మిషన్ల సారుకు సైగల్లో పెట్టిన పేరు, ఖాళీ సంచీ విదిలించడం.

సారు ఆ ఇంటి వీడియోని ఇప్పటికీ తన విజయాల్లో మొదటిదిగా చూపిస్తుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు, ఆయన మిషను వచ్చాకే ఆ ఇంట్లో వాళ్ళు కోడలి మాట వినడం మొదలుపెట్టారు.