పన్నెండు బంతులు వేసిన చొక్కా

టీవీ ఎదుట పన్నెండు బంతులతో పన్నెండుసార్లు పది పిన్నులనూ కూల్చినవాడు లింబాద్రి. గోడ మీదికి ఎక్కిన పేరు ఇంకొకరిది. ఇది ఫిర్యాదు కాదు, జరిగిన సంగతి.

చెక్క బాట మీద బంతి దొర్లించే ఈ బౌలింగ్‌లో ఒక్క బంతికి పదీ పడితే స్ట్రైక్ అంటారు, వరసగా పన్నెండూ స్ట్రైకులైతే పరిపూర్ణమైన ఆట అంటారు. మూడువందల పాయింట్లు. అంతకు మించి మనిషి చేయగలిగింది లేదు. అయితే మనిషి ఒక్కడూ పరిపూర్ణుడైతే చాలదు, కాగితాలూ కావాలి. అందుకని రియాద్‌లోని ఆ బౌలింగ్ హాలువాళ్లు పరిపూర్ణతా నిర్ధారణ సంఘం ఒకటి పెట్టుకున్నారు. (ఏడుగురు సభ్యులు. ఒక్కరూ బంతి ఎత్తి ఎరుగరు. నిష్పాక్షికత దెబ్బతినకూడదని.)

లింబాద్రిది జగిత్యాల దిక్కు. ఊరిబడిలో ఏడు దాకా చదివాడు. భార్య అంజవ్వ పోయి మూడేళ్లయింది. ఆ హాలులో తొమ్మిదేళ్లుగా అతని పని లేన్లకు, అంటే బంతి దొర్లే ఆ చెక్క బాటలకు, నూనె పట్టించడం. నూనె ఎక్కడ ఆగితే అక్కడ బంతికి పట్టు దొరికి పక్కకు తిరుగుతుంది. అది సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి లేనుకు నాలుగు బంతులు తనే వేయాలి. తొమ్మిదేళ్లు వేశాడు. చూసేవాళ్లు లేరు గనుక దాన్ని ఆట అనలేదు, మెయింటెనెన్స్ అన్నారు.

పోటీ రోజున టీవీ డైరెక్టరు లైట్లు సరిచూసుకోవాలన్నాడు. ఛాంపియన్ ఇంకా రాలేదు. అతని చొక్కా ఒకటి లింబాద్రికి తొడిగించి, స్కోరు తెర తెరుచుకోవడానికి ఛాంపియన్ కార్డే మెడలో వేసి, వెనకనుంచి చూపిస్తాం, వేస్తూ ఉండమన్నారు. కార్డు గీకగానే సిస్టమ్ ఛాంపియన్ లోపలికి వచ్చేశాడని రాసుకుంది, ఆట మొదలెట్టింది. సిస్టమ్ మొదలెట్టింది గనుక చానెల్ కూడా లైవ్ మొదలెట్టింది. సిస్టమ్‌ను అనుమానించే అధికారం అక్కడ ఎవరికీ లేదు.

అసలు ఛాంపియన్ అప్పటికి నాలుగో గేటు దగ్గరున్నాడు. యాప్ అతన్ని రానివ్వలేదు. ఒక మనిషి రెండుసార్లు లోపలికి రాకూడదన్నది నిబంధన. కాపలావాడు ఫోన్లో లైవ్ చూపించి, తమరు లోపలే ఉన్నారని, ఇప్పటికి తొమ్మిది స్ట్రైకులు కొట్టారని, దయచేసి ఆటకు అడ్డు రావద్దని మర్యాదగా చెప్పాడు.

పన్నెండో బంతికీ పదీ పడ్డాయి.

శుక్రవారం, సెలవునాడు మనవాళ్లంతా చేరే బతా పేటలో, మెస్సులో అన్నం ముందు కూచుని, లింబాద్రి గదిలోనే ఉండే బుచ్చన్న ఫోను తిప్పి చూపించాడు. "ముఖం కనవడలేదు గని లింబన్నా, గీ ఈపు నీదే. తొమ్మిదేండ్లు నీ ఎనుక మంచంల పండుకున్నోన్ని, నాకెరుకలేదా?"

బుచ్చన్న సాక్ష్యం రాసిచ్చాడు. వీపు గుర్తింపు పత్రాల జాబితాలో లేదని సంఘం తిప్పి పంపింది.

లింబాద్రి అడిగింది బహుమతి కాదు. హాలు గోడకు పరిపూర్ణ ఆటల ఇత్తడి ఫలకం ఉంది. వారానికోసారి దాన్ని తుడిచేది అతనే. దాని మీద తన పేరు ఉండాలన్నాడు. అంతే.

సంఘం మూడు రోజులు కూచుంది. నాలుగో రోజు ఆఫీసు నుంచి ఉదయకిరణ్ పిలిచాడు. కాకినాడ కుర్రాడు, ఫైళ్లన్నీ అతని చేతిలోనే. బల్ల మీద రెండు ఫారాలు పెట్టాడు.

"చూడు బాబాయ్, నీ ఇఖామా కార్డులో ప్రొఫెషన్ షెపర్డ్ అని ఉంది. గొర్రెల కాపరి స్ట్రైక్ కొడితే వయొలేషన్ అవుద్ది."

గొర్రెల కాపరి వీసా మీద వచ్చినవాడు తొమ్మిదేళ్లు నూనె పట్టిస్తే మాత్రం ఏ నిబంధనా నొచ్చుకోలేదు. మొదటి ఫారంలో తాను బంతి వేయలేదని ఉంది. సంతకం పెడితే పని పోదు. రెండోదాంట్లో తానే వేశానని ఉంది. సంతకం పెడితే పేరు రికార్డుల్లోకి వెళ్తుంది, మనిషి దేశం దాటి వెళ్తాడు. ఫలకం సంగతి అటు తర్వాత పరిశీలిస్తారు.

ఎగ్జిట్‌కు, అంటే దేశం దాటే అనుమతి కాగితానికి, ఎన్నాళ్లు పడుతుందని లింబాద్రి అడిగాడు.

"గంట. అంతా ఆన్‌లైనే బాబాయ్."

లింబాద్రి రెండో ఫారాన్ని పక్కకు జరిపాడు.

"మా అంజవ్వ పానం బోయిననాడు గీ ఆఫీసుల్నే నిలవడ్డ సారు. లేన్లకు నూనె పట్టేటోడు లేడని ఇరువై రోజులు తిప్పిండ్రు. నేను పోయేసరికి దినాలు గూడ అయిపోయినయ్. ఆనాడు ఇయ్యని కాయితం ఇయ్యాల గంటల ఇస్తరా? నాకద్దు."

మొదటి ఫారం మీద సంతకం పెట్టాడు. ఊరిబడి దస్తూరి, గుండ్రంగా, తప్పు లేకుండా.

వారం తిరక్కుండానే ఛాంపియన్ పేరు ఇత్తడి మీదికి ఎక్కింది. అతను బాగా ఇబ్బంది పడ్డాడని, బాగా నవ్వాడని పత్రికలవాళ్లు రాశారు. టీవీ ఇంటర్వ్యూలో ఆఖరి బంతి గురించి అడుగుతారట, ఏం చెప్పాలో తెలియక ఛాంపియన్ ఉదయకిరణ్‌ను లింబాద్రి దగ్గరికి పంపించాడు. ఆ బంతి వేసేటప్పుడు మనసులో ఏముందో రెండు ముక్కలు చెప్పమన్నాడు ఉదయకిరణ్.

లింబాద్రి నూనె యంత్రం ఆపలేదు. ఆ ముచ్చట ఇక ఈ జన్మలో ఎత్తనన్నాడు.

సంఘం ఎంతో సంతోషించింది. లింబాద్రి ఈ విషయం ఇకముందు మాట్లాడడని, అది అతని స్వచ్ఛంద నిర్ణయమని మూడు ప్రతుల్లో మూడో ఫారం తయారుచేసి పంపింది. లింబాద్రి చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశాడు.

"మాట్లాడనని రాసియ్యాలన్నా దాని గురించే మాట్లాడాలె సారు. నాతోని గాదు."