ముప్పైరెండు దిక్కుల అపసవ్య దిగ్విజయం, అనగా ఒక పాన్సిత్ పోగు కథ

మధ్యాహ్నం పన్నెండు లోపల చేయవలసినవి: నడుంపట్టీ ఇత్తడి బిళ్ళను అందులో ముఖం కనబడేదాకా తోమడం. బూట్లు కూడా. కాపలావాడి పదకొండు ఆజ్ఞలు అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేయడం. సంకేతపు జెండాలు ఇరవయ్యారు, రంగులతో సహా. చీకట్లో ఎదురొచ్చే ఓడకు ఎర్రదీపం ఏ పక్క, పచ్చదీపం ఏ పక్క. హోదాలు కిందినుంచి పైకి, పైనుంచి కిందికి. దిక్సూచి మీది ముప్పైరెండు దిక్కులు సవ్యంగా ఒకసారి, అపసవ్యంగా ఒకసారి. ఇవిగాక, ఇవాళ మా తోటి శిక్షణార్థి రొవేలా తుములాక్ పుట్టినరోజన్న సంగతి వంటశాలలో పెద్దాయన మాంగ్ ఉస్తింగ్ చెవిన వేయడం.

అన్నీ చేశాను, ఒక్క అపసవ్యం తప్ప.

ఇక వినుడు. భానుండు నడినెత్తికెక్కి నిప్పులు చెరుగుచుండ, జాంబాలెస్ తీరమందు కొబ్బరిమట్ట యొక్కటియు కదలక నిలువ, పడమటి సముద్రుడు సైతము ఉక్కకు తాళలేక ఒడ్డున నాలుక వెళ్ళబెట్టి పడియుండ, అట్టి ఘోర మధ్యాహ్నవేళ, అష్టదిగ్గజ సన్నిభులగు ఎనమండుగురు నౌకాధికార శిక్షణార్థులు, ఇస్త్రీ మడతలే ఖడ్గధారలుగా, చెమటయే అభిషేకజలముగా, భోజనశాలా రణరంగమున ఏడవ బల్ల చుట్టును, కుర్చీ అంచున మూడంగుళముల మేర మాత్రమే ఆసీనులై, ఎదుటి గోడపై చూపు నిలిపి, గుటకైనను మింగక కూర్చుండిరి.

వారిలో అగ్రగణ్యుడు, సామార్ ద్వీప సంభూతుడు, జాలరివంశాబ్ధి చంద్రుడు, ఆ వంశమున తొలి పట్టభద్రుడు, క్రిసాంతో అబెల్యానా. అనగా నేనే. అగ్రగణ్యుడనుట హాజరుపట్టీని బట్టి మాత్రమే. ఇంటిపేరు అక్షరమాలలో మొదటి అక్షరంతో మొదలైతే ఏ యుద్ధానికైనా ముందు పిలుపు మనదే.

బల్ల నడుమ పొగలు కక్కుతూ పాన్సిత్ నూడుల్స్ పళ్ళెం. మాంగ్ ఉస్తింగ్ మాట నిలబెట్టుకున్నాడు. మిగతా బల్లలన్నిటికీ ఎండుచేపా అన్నమూ వెళ్ళగా, మా బల్లకు మాత్రం అన్నం బదులు రొయ్యలతో, క్యాబేజీతో, పైన కాలమన్సీ నిమ్మచెక్కలతో ఒక మహాపర్వతం వచ్చి దిగింది. పుట్టినరోజునాడు ఈ నూడుల్స్ తినాలి. పోగు తెగకుండా తినాలి. తెగితే ఆయుష్షు తెగినట్టే. ఇది మా ఇళ్ళల్లో పసిపిల్లకు కూడా తెలుసు. ఇంటికి ఫోను లేని, చూడ్డానికి ఎవరూ రాని పుట్టినరోజున రొవేలాకు దక్కగలిగింది ఆ పళ్ళెమొక్కటే.

అయితే భోజనశాలకు ఒక ధర్మముంది. బల్లకు కాపుగా నిలిచిన సీనియర్ ఒక ప్రశ్న వేస్తాడు. జవాబు పూర్తయ్యేదాకా ఎవరి ఫోర్కూ లేవదు. పన్నెండు నిమిషాలకు గంట కొడతారు. గంట కొట్టాక ముట్టని పళ్ళెమైనా సరే, వెనక్కి పోవలసిందే.

ఆ రోజు మా కాపు బల్తజార్ క్వియాంబావ్, మాకన్నా మూడే మూడు నెలలు ముందొచ్చి ముప్పై ఏళ్ళ అనుభవం మొహాన పులుముకున్నవాడు.

"మిస్టర్ అబెల్యానా. దిక్కులు. ఉత్తరం నుంచి అపసవ్యంగా. ఒకే ఊపిరిలో."

నా ఎడమపక్క నుంచి, పెదవి కదపకుండా, రొవేలా గుసగుస వినిపించింది. "ఒరేయ్ సాంతో, నా పాన్సిత్ రా అది. కొంప ముంచకు."

"నువ్వు మాట్లాడకే, ఊపిరి పోతోంది."

అంతట ఆ వీరుండు, వక్షఃస్థలము చొక్కా గుండీలను పరీక్షించునంతగా వాయువును పూరించి, జిహ్వాశ్వమును అదలించి, దిగంతములపైకి దండు వెడలెను. "ఉత్తరం, ఉత్తరానికి పిసరంత పడమర, ఉత్తర వాయవ్యం, వాయవ్యానికి పిసరంత ఉత్తరం, వాయవ్యం..." పడమర పాదాక్రాంతమాయెను. పడమటి నైరుతి పరుగుపెట్టెను. "...నైరుతికి పిసరంత పడమర, హబగట్..."

బల్ల చుట్టూ ఏడు గుండెలు జారిన చప్పుడు నాకు వినబడింది.

"ఏంటీ?" అన్నాడు క్వియాంబావ్.

మా నాన్న జన్మలో నైరుతి అన్నవాడు కాదు. ఆ దిక్కునుంచి వానగాలి వస్తుంది, ఆ గాలి పేరు హబగట్, కాబట్టి ఆ దిక్కూ హబగట్టే. పడవలో పుట్టి పెరిగినవాడి నాలుక పుస్తకం మాట వింటుందా?

"హబగటా? మిస్టర్, మీ ఓడ ఇప్పుడు కొండెక్కింది. ఇక దిగి మేకలు కాసుకోండి. లేదా, మళ్ళీ ఉత్తరం నుంచి."

అప్పుడా వీరుండు మనస్సున ఇట్లు గర్జించెను: "ఓరీ మాసత్రయ జ్యేష్ఠుడా! పసితనమున తెడ్డు పట్టినవాడను, తుపానుల నడుమ తలంటుకొన్నవాడను, నాకా దిక్కులు నేర్పెదవు? నిలు, నిలు!" పైకి మాత్రం, "తప్పయింది సర్" అన్నాను.

రెండవ దండయాత్ర దక్షిణంబు వరకు సాగి, అచ్చట ఊపిరి యను సైన్యము సమసిపోగా, దగ్గుతో ముగిసెను. గోడ గడియారంలో తొమ్మిది నిమిషాలు దాటాయి. పళ్ళెం మీది పొగ సన్నగిల్లింది.

"సాంతో," అంది రొవేలా. "పోనీలేరా. చల్లారితే చల్లారింది."

ఆ 'పోనీలే' నా పక్కటెముకల్లో దిగింది. ఏడిపించినా బావుండేది.

ఇక పుస్తకంలోని దిక్సూచి బొమ్మను పక్కన పెట్టాను. కళ్ళు గోడమీదే ఉంచి, మనసులో నాన్న పడవెక్కి నడిమధ్య నిలబడ్డాను. ముక్కును ఉత్తరానికి పెట్టి ఎడమచేతివైపు మెల్లగా తిప్పడం మొదలుపెట్టాను. మరి నైరుతి? శాస్త్రం ప్రకారం ఆ దిక్కును ఏలేవాడు రాక్షసుడే కదా అని, క్వియాంబావ్‌ను యూనిఫాంతో సహా తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టాను. సరిగ్గా సరిపోయాడు.

ఊపిరి బిగించెను, విడిచెను. ఉత్తరము కూలెను, వాయవ్యము వంగెను, పడమర పారెను. నైరుతిని ఆ వీరుడు పేరుపెట్టి పిలిచి మరీ జయించెను. దక్షిణము శరణు జొచ్చెను. ఆగ్నేయము ఆరిపోయెను, తూర్పు తలవంచెను, ఈశాన్యము ఇల్లు ఖాళీచేసెను. ముఖము వంకాయవన్నెకు తిరుగగా, కన్నులలో చుక్కలు మెరయగా, "ఉత్తరానికి పిసరంత తూర్పు, ఉత్తరం సర్!" అని ముప్పైరెండు దిక్కులను చుట్టబెట్టి బయలుదేరిన చోటికే చేరుకొనెను.

క్వియాంబావ్ గడియారం చూశాడు. "నలభై సెకన్లున్నాయి. కానివ్వండి."

పళ్ళెం ఎప్పుడూ జవాబు చెప్పినవాడి కుడిపక్కకు వెళ్ళి బల్లంతా తిరిగి రావాలి. రొవేలా నా ఎడమపక్క. అంటే ఆఖరు. నేను ముట్టకుండా అందించాను. పక్కవాడు ముట్టలేదు. ఆ పక్కామె ముట్టలేదు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, చెప్పడానికి వీల్లేదు కూడా. పళ్ళెం చేతులు మారుతూ పోయి పసిఫికో లాగ్మాయ్ దగ్గర ఆగింది. వాడు మేజోడులో అరటిపండు దాచి దొరికిపోయినవాడు, ఆకలికి నిద్రలో కూడా నమిలేవాడు. వాడి ఫోర్కు లేచింది. రొయ్య మీద ఒక్క క్షణం నిలిచింది. మళ్ళీ దిగింది.

"తీస్కోవే, త్వరగా," అని పెదవి కదపకుండా గొణిగాడు పక్కనే ఉన్న రొవేలాతో. "నా వల్ల కావట్లేదు."

అందిన క్షణమే ఆ వీరనారి తన త్రిశూలమును పర్వతమున గ్రుచ్చి ఎత్తెను. ఒక్కటే పోగు వచ్చెను. మా నియమము ప్రకారము ముద్ద నిట్టనిలువుగా నోటి ఎత్తుకు లేచి, అక్కడినుండి లంబకోణమున తిరిగి నోటికి చేరవలెను. ఫోర్కు లేచుచుండెను, పోగు వచ్చుచుండెను. మూర దాటెను. ఇంకను వచ్చుచుండెను. కొస నోటికంది సగము లోనికి చేరిన క్షణముననే గంట మ్రోగెను.

గంట కొట్టాక ఫోర్కు కింద పెట్టాలి, దవడ కదలకూడదు. రొవేలా ఫోర్కు పెట్టేసింది. పోగు సగం లోపలుంది, సగం గడ్డం కిందికి వేలాడుతూ ఊగుతోంది. కొరికితే ఆయుష్షు తెగుతుంది. పీల్చుకుంటే నియమం తెగుతుంది.

క్వియాంబావ్ వంగి చూశాడు. "మిస్ తుములాక్, ఏంటది?"

ఆమె నోరు తెరవలేదు, తెరిస్తే జారిపోతుంది. నేనే చెప్పాను.

"ఆవిడ ఆయుష్షు సర్. ఇవాళ్టికి ఇరవైమూడు నిండాయి."

క్వియాంబావ్ ఆ పోగునే చూశాడు. వాళ్ళమ్మ కూడా ఏదో ఒక ఏడు ఆయన ముందు అలాంటి పళ్ళెమే పెట్టి ఉంటుంది. నిటారుగా నిలబడ్డాడు.

"మిస్ తుములాక్. దాన్ని లోపలికి లాక్కోండి. చప్పుడు హాలంతా వినబడాలి. ఇది ఆజ్ఞ."

అంతట మ్రోగెను జయశంఖారావము! సుర్ర్ర్ మని భోజనశాల అదరునట్లు, కిటికీ అద్దములు వణకునట్లు, ఎండుచేపలు తినుచున్న శతాధిక యోధులు తలలు త్రిప్పి చూచునట్లు, ఆ పోగు ఆసాంతము, అఖండముగా, అచ్ఛిన్నముగా లోనికి చొచ్చెను. విజయము! మహావిజయము! దక్కినది నూడుల్ పోగొకటి. మిగిలినది ఏడు ఖాళీ కడుపులు. పర్వతము పర్వతముగానే వంటశాలకు తిరిగిపోయెను.

సాయంకాలం కవాతులో లాగ్మాయ్ నా వెనకే నిలబడ్డాడు. నెమ్మదిగా అన్నాడు, "పద్నాలుగు రొయ్యల్రా. లెక్కపెట్టాను."

చదివే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ముప్పైరెండు దిక్కులు మీకు గుర్తుండనక్కర్లేదు, నన్నైతే అసలే అక్కర్లేదు. నిండు పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు, ఎప్పుడో ఒకసారి, పసిఫికో లాగ్మాయ్‌ని తలుచుకోండి.