మ్యూజియం మింగిన బావి

మ్యూజియం పెద్దల్లారా, మా ఊరి బావిని మింగింది మీరే! పట్టపగలు, బ్యాండు వాయించి, రిబ్బను కత్తిరించి మరీ మింగారు. కాదనే దమ్ముందా?

ఉన్నా అనకండి. మీరు చేసింది మహోపకారం!

దోల్మాతోవ్ గారు తన భూమంతా రైతులకు పంచేసిన రచయిత. ఇప్పుడు మీ మ్యూజియం అయిన తన ఇంటి గేటు పీకించి, ఆ చెక్కలతో బాటసారులకు బెంచీ చేయించాడు. ఈ బావి తన చేతులతోనే తవ్వాడు. ఎనిమిది నవలలు రాసి, ఎనిమిదింటిలోనూ ఒకటే మొత్తుకున్నాడు: అందరిదీ అయినదానికి తాళం వేయొద్దని.

పాపం, అంతటి మనిషికి తాళం విలువ తెలియలేదు! మీరొచ్చి ఆ లోటు తీర్చారు. బావికి మూత, మూతకు తాళం, చుట్టూ ఎర్రతాడు, పక్కన బోర్డు: 'చేత్తో ముట్టరాదు.'

ఇప్పుడు మా మాలియే క్లుచీ ఊళ్లో నీళ్లు తోడాలంటే బూట్లమీద ఫెల్టు తొడుగులు తొడుక్కోవాలి. నేల పాడవకూడదట. నేలంటే ఏమిటి? మోకాలిలోతు మంచు, దానికింద బురద. ఆ బురద పాడైతే జాతికెంత నష్టం!

తర్వాత నలభై నిమిషాలు గైడు ఉపన్యాసం వింటేనే తాళం తీస్తారు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. బకెట్ల పుణ్యమా అని దోల్మాతోవ్ గారి మేనత్తల పేర్లన్నీ వరసగా చెప్పేస్తున్నాను. మా గుర్రమైతే ఆయన మూడో నవల పేరు వింటే చాలు, దాహంతో సకిలిస్తోంది. చదువు ఇంతకంటే ఎలా వ్యాపిస్తుంది?

మొన్న శుక్రవారం శానిటరీ డే. మ్యూజియం అన్నాక నెలకో రోజు మూసి దుమ్ము దులుపుకోవాలి కదా. కాబట్టి బావీ మూశారు. డెబ్బై ఎనిమిదేళ్ల జినాయిదా రెండు బకెట్లతో వచ్చింది. కాపలా కుర్చీలో ఉన్నది ఆమె చిన్ననాటి స్నేహితురాలు కపితోలినా.

"ఒసే కాపా, తాళం తియ్యవే. మా ముసలాయన జ్వరంతో నాలుక పిడచకట్టుకుపోయి పడున్నాడు."

"ఇవాళ శానిటరీ డే కదే జీనా. రేపు రా."

"ఆ మాట నువ్వే వచ్చి జ్వరానికి చెప్పు!"

"నా మీద అరుస్తావేంటే? డైరెక్టరు గారు చూస్తే నా కుర్చీ పోతుంది."

"చిన్నప్పుడు నీ బూటు ఇందులో పడితే దిగి తీసిందెవరే? అప్పుడు లేదేం ఈ శానిటరీ డే?"

డైరెక్టరు వెనియామిన్ అర్కాద్యెవిచ్ బయటికొచ్చారు, చేతిలో పొగలు కక్కే టీగ్లాసుతో.

"అర్థం చేసుకోండి జినాయిదా ప్రోఖొరోవ్నా. ఇది మహనీయుడి జ్ఞాపకం."

"మీ టీ ఏ నీళ్లతో కాచారు బాబూ?"

ఆయన గ్లాసు వీపు వెనక్కి పెట్టుకున్నారు. "సిబ్బంది అవసరాలు వేరమ్మా."

జినాయిదా గడ్డకట్టిన ఏటికి వెళ్లింది. మంచుగడ్డలో కొట్టిన కన్నం దగ్గర జారిపడింది. ఒంటిచేత్తో అరబకెట్టు నీళ్లు ఇంటికి చేర్చింది. రెండో చెయ్యి విరిగింది, ఇప్పుడు కట్టులో ఉంది.

దోల్మాతోవ్ గారు ఇవాళ బతికుంటే ఏం చేసేవారని మీరు సభల్లో తెగ మథనపడుతుంటారు. నన్నడగండి. బకెట్టు పట్టుకుని ఎర్రతాడు బయట నిలబడేవారు. మీరు ఆయన్నీ రేపు రమ్మనేవారు!

చాలు మీ ఉపకారం. తాళం తీయండి. రేపు కాదు, ఇవాళ. డైరెక్టరు గారూ, జినాయిదా చెయ్యి అతికేదాకా పొద్దున్నే రెండు బకెట్ల నీళ్లు తోడి, మీరే మోసుకెళ్లి ఆమె గుమ్మంలో పెట్టండి. నిండుగా!