అత్తగారి నోటు

ఆ సోమవారం పొద్దున వుకషిన్ వేసుకున్న పథకం ఒక్కటే: అత్తగారి చేత తిట్లు తినకుండా గడప దాటడం. బెల్‌గ్రేడ్‌లో కరెన్సీ నోట్లకు బొమ్మలు గీసే ఉద్యోగం అతనిది. ఉంటున్నది మాత్రం ఇల్లరికం. ఆ సంగతి అత్తగారు లెపొసావ రోజూ కాఫీతోపాటు గుర్తుచేసేది.

ఆఫీసులో అడుగుపెట్టగానే బ్యాంకు గవర్నరు ఫోను. "కొత్తగా ఐదు లక్షల దినార్ల నోటు. కవులూ శాస్త్రవేత్తలూ అందరూ అయిపోయారు. ఎవరో ఒక రైతమ్మని గీసిపారెయ్. సాయంత్రం అచ్చుకెళ్ళాలి!"

ఆ తొందరలో అతనికి రోజూ భయపెట్టే ముఖమే గుర్తొచ్చింది. తలగుడ్డ చుట్టి గీసేశాడు.

నోటు చూసి లెపొసావ మురిసిపోయింది. "మా అల్లుడు బంగారం!" అంటూ బిల్డింగంతటికీ రాకియా అనే పళ్ళ సారా పోసింది. ఇల్లు కూతురి పేర రాస్తానని కూడా అనేసింది.

ధరలు పూటపూటకీ పెరిగే రోజులవి. బుధవారం ఆ నోటుకు కోడి వచ్చింది. శుక్రవారం గుడ్డు వచ్చింది. మర్నాడు ఎదురింటి కొసారా తలుపు తట్టి మరీ చెప్పింది. "వదినా, సంతలో కోళ్ళవాడికి నిన్నిస్తే గుడ్డు కూడా ఇవ్వనన్నాడు. నీలాంటివాళ్ళని ఇంకో ముగ్గుర్ని తెమ్మన్నాడు!"

లెపొసావ అల్లుడి మీద విరుచుకుపడింది. "నన్ను గుడ్డుకి కూడా కొరగాకుండా చేస్తావా? సోమవారానికల్లా సున్నాలు పెంచు. లేదా పెట్టె సర్దుకో!"

"సున్నాలు నా చేతిలో ఉంటాయా అత్తయ్యా?"

సోమవారం బ్యాంకే, కొత్త బొమ్మ గీయించే తీరిక లేక, ఆ బొమ్మ పక్కనే మూడు సున్నాలు చేర్చింది. అంతే, లెపొసావ చెబితే సున్నాలు పడతాయని వీధంతా పాకింది. పింఛను పెంచమంటూ ముసలివాళ్ళు అర్జీలతో మెట్ల మీద బారులు తీరారు. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుని, "చూద్దాం, చూద్దాం" అంది.

కొత్త సంవత్సరం రోజున ప్రభుత్వం తొమ్మిది సున్నాలు కొట్టేసింది. యాభై కోట్ల లెపొసావ తెల్లారేసరికి అర దినారు అయింది. కొసారా ఆ నోట్లతో పొయ్యి రాజేస్తూ, "వదిన భలే మండుతోంది!" అని కేక పెట్టింది. మధ్యాహ్నానికి అల్లుడి పెట్టె మెట్ల మీద ఉంది.

రాత్రుళ్ళు ఆఫీసు బల్ల మీదే పడుకుంటూ, పగలు వుకషిన్ కొత్త నోటు గీశాడు. ఈసారి కొసారాని.

అది బయటికొచ్చిన రోజు లెపొసావే స్వయంగా తలుపు తీసింది. "బాగా చేశావు నాయనా, లోపలికి రా! శుక్రవారానికి దాని బతుకూ గుడ్డే, చూడు!"

శుక్రవారం ఆవిడ పనిగట్టుకుని సంతకెళ్ళింది. కొసారా నోటుకు కోడి వచ్చింది. పై శుక్రవారమూ కోడే. సర్కారు అచ్చు యంత్రాలకు కళ్ళెం వేసిందని, ఇక నోటు విలువ పడదని పేపర్లో పడింది.

లెపొసావ ఆ కోడిని అల్లుడి ముందు విసిరికొట్టింది. "దాని మొహానికి కోడా!"

వుకషిన్ దంపతులు ప్రస్తుతం ఎదురింట్లో, కొసారా గారి దగ్గర అద్దెకుంటున్నారు.